ఎంగిలి గిన్నె

“నువ్వు విస్కీ తాగల్లప్పా.”

ఈ మాట అనే ముందు డి.ఎస్.పి. మునిరామయ్య లేచి వెళ్లి తలుపు గడియ పెట్టాడు. తిరిగొచ్చి కిటికీ రెక్కలు కూడా మూశాడు. జూన్ నెలలో, చిత్తూరులో, మిట్టమధ్యాహ్నం పూట కిటికీ మూసుకున్నాడంటే ఆయనకు ఎంత సిగ్గుగా ఉందో మీరే ఊహించుకోండి.

ఎదురుగా అటెన్షన్‌లో నిలబడ్డవాడు స్పెషల్ బ్రాంచి సబ్ ఇన్‌స్పెక్టర్ చెంగల్రాయుడు. రికార్డుల్లో ఏజెంట్ నైన్టీన్. కత్తులు చూసినవాడు, తుపాకులు చూసినవాడు. ఈ ఆర్డరు విని మాత్రం మొహం పాలిపోయింది.

“సార్, మనది డ్రై జిల్లా.”

“నాకు సెప్తావా? నాలుగేండ్లుగా కల్లుకుండలు పగలగొట్టిస్తా ఉండేది నేనే గదా!” మునిరామయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. “ఆ నోటితోనే ఇప్పుడు ఈ మాట అంటా ఉండాను. నా ఖర్మ.”

“ఇంకెవురినైనా సూడండి సార్. మా నాయన సంగతి మీకు తెలుసు.”

ఆ సంగతి తెలియనివాళ్లు ఎవరు? తిరుపతిలో ఇత్తడి సామాన్ల అంగడి తిరుమలయ్య, తాగుబోతులను అలిపిరికి నడిపించుకుపోయి, వెలిగించిన కర్పూరం మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయిస్తాడు. మొట్టమొదట చెయ్యి పెట్టించింది కన్నకొడుకు చేత. తాగుడంటే ఏమిటో తెలియని కొడుక్కి ఒట్టెందుకయ్యా అంటే, ఊరికి చెప్పే ముందు ఇంట్లో మొదలుపెట్టాలి అన్నాడట ఆ పెద్దమనిషి.

“నాకు కావాల్సింది నీ ముక్కు” అన్నాడు మునిరామయ్య. “చింతతోపులో దొంగసారా బట్టీ ఉంటే జట్కాలో పోతా పోతానే పట్టేస్తావు. అట్లాంటి ముక్కు డిపార్ట్‌మెంటులో ఇంకొకటి లేదు. కూచో. విను.”

బ్రీఫింగ్ మొదలైంది.

టార్గెట్ పేరు మెక్‌ఫెర్సన్. మలయాలో రబ్బరు తోట ఉండేదనీ, జపాన్‌వాళ్లు వచ్చిపడితే కట్టుబట్టలతో పారిపోయి వచ్చాననీ చెప్పుకుంటాడు. తిరుపతి నుంచి రేణిగుంట పోయే రోడ్డులో మామిడితోట బంగళా అద్దెకు తీసుకున్నాడు. కట్టుబట్టలతో వచ్చినవాడి దగ్గర పెట్టెలకొద్దీ సింగిల్ మాల్టు, అంటే ఒకే బట్టీలో బార్లీతో కాచిన స్కాచ్ విస్కీ, ఎలా ఉందని ఎవరూ అడగలేదు. అడగరు కూడా. మద్రాసు మీద బాంబులు పడతాయన్న భయంతో ఆఫీసులతో సహా ఇటు తరలివచ్చిన దొరలకు పర్మిట్ల మీద దొరికేది చుక్కో రెండు చుక్కలో. వాళ్లకు ఆ బంగళా స్వర్గం. సాయంత్రాలు అక్కడ చేరి, ఈ మాల్టు గొప్పదా ఆ మాల్టు గొప్పదా అని పోల్చుకుంటూ, మాటల మధ్యలో ఏ రైలు ఏ పూట కదులుతుందో కక్కేస్తున్నారు.

“వాడు స్కాట్లండువాడు కాదు. జర్మన్ ఏజెంటు” అన్నాడు మునిరామయ్య. “బొంబాయిలో బయల్దేరే హాస్పిటల్ రైలు గుంతకల్లు మీదుగా రేణిగుంటకొచ్చి మద్రాసు పోతాది. లిబియాలో గాయపడిన సిపాయిలు దాన్నిండా. స్వర్ణముఖి వంతెన మీద ఆ బండిని పేల్చేదానికి ప్లాను వేసినాడు. వంతెన పడిపోతే వెనకొచ్చే మందుగుండు రైలు కూడా ఆగిపోతాది. బాంబు యాడ పెట్టినాడో మనకు తెలీదు.”

గది మూలన రైల్వే గార్డు యూనిఫారంలో ఇంకొకడు మొదటినుంచీ కూర్చుని ఉన్నాడు. ఏజెంట్ సెవెన్, శాంతయ్య. ఊరి బయట మాలపల్లెలో పుట్టి, మిషన్ బళ్లో చదివి, బి.ఏ. చేసి, చెంగల్రాయుడి కంటే ముందే డిపార్ట్‌మెంటులో చేరినవాడు. రైళ్ల కబుర్లు అమ్ముకునే లంచగొండి గార్డుగా ఇప్పటికే మెక్‌ఫెర్సన్ ముఠాలో చేరిపోయాడు.

“ఆ రైల్లో మా తమ్ముడు సామ్యేలు వస్తా ఉండాడప్పా” అన్నాడు శాంతయ్య. “ఒక కాలు ఆ యెడారిలోనే పోయిందంట. ఉండే మనిషినన్నా ఇంటికి చేర్చుకోవల్ల.”

చెంగల్రాయుడు ఇంకేం మాట్లాడతాడు? “తాగతాను సార్” అన్నాడు, తల వంచుకుని.

ఇక చేయాల్సిన పని ఇది. రంగూన్ నుంచి ముఠాకు ఒక కొరియర్ రావాలి. మునస్వామి అని అక్కడి హోటల్లో బార్ స్టీవార్డు. వాణ్ణి గూడూరులో పోలీసులు గప్‌చుప్‌గా పట్టేశారు. మెక్‌ఫెర్సన్ వాడి మొహం ఎన్నడూ చూడలేదు. ఒక కోడ్ మాట, దాని తర్వాత నాలుగు గ్లాసుల పరీక్ష. లేబులు చూపించకుండా నాలుగు మాల్టులు పోస్తే ఏది స్కాట్లండులో ఏ సీమదో చెప్పాలి. ఫోటో మార్చవచ్చు, కాగితాలు మార్చవచ్చు, నాలుకను మాత్రం మార్చలేరని మెక్‌ఫెర్సన్ నమ్మకం. ఆ మునస్వామి స్థానంలో చెంగల్రాయుడు వెళ్లాలి. పరీక్ష నెగ్గినవాళ్లకే బాంబు ఎక్కడుందో చెబుతాడు.

ఆ రోజునుంచే ట్రైనింగ్. మద్రాసులో కెప్టెన్ రాస్ అనే అసలు సిసలు స్కాట్లండు దొర గురువు. శిష్యులు ఇద్దరు, చెంగల్రాయుడు, శాంతయ్య.

“ముందు ముక్కు. తర్వాత నాలుక. గొంతు చిట్టచివర” అనేవాడు కెప్టెన్.

లోలాండ్ మాల్టు తేలిక. అప్పుడే కోసిన పచ్చగడ్డి వాసన. స్పేసైడ్‌లో మాగిన జామపండు, పైన కాస్త తేనె. హైలాండ్ మాల్టును షెర్రీ అనే ద్రాక్షసారా పోసిన పీపాల్లో మాగబెడతారు కాబట్టి ఎండుద్రాక్ష, లవంగం, కాచిన నెయ్యి. ఆ మూడోది మొదటిసారి వాసన చూసినప్పుడు చెంగల్రాయుడికి చప్పున కొండమీది ప్రసాదం గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు ఎంత సిగ్గుపడ్డాడంటే, గ్లాసు కింద పెట్టి, దొర ముందే టపటపా చెంపలు వాయించుకున్నాడు. దోమలేమో అనుకుని కెప్టెన్ రాస్ బంట్రోతును పిలిచాడు.

నాలుగోది ఐలా. అది సముద్రం మధ్యన ఒక దీవి. అక్కడ బురదనేలను ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, కాల్చి, ఆ పొగ మీద బార్లీ ఆరబెడతారు. చెంగల్రాయుడు వాసన చూసి మొహం చిట్లించాడు. “ఇది విస్కీ కాదు సార్, ఆస్పత్రి.”

“అందరూ మొదట అదే అంటారు. ఇదిగో, నాది చూడు, ఇంకా పాతది” అని కెప్టెన్ తాను చప్పరిస్తున్న గ్లాసే చేతికిచ్చాడు. చెంగల్రాయుడు పుచ్చుకుని తాగాడు. “మింగాక ఆగు. టింక్చరైతే చురుక్కుమని పోతుంది. ఐలా పోదు. తీపి వస్తుంది, దాని వెనకే పొగ వస్తుంది. నువ్వు ఇంటికి పోయినా నోట్లోనే ఉంటుంది.”

నిజంగానే ఉండేది. వారం వారం అమ్మను చూడటానికి ఇంటికి పోయేవాడు ఆ వారాల్లో పోలేదు. వక్కపొడి, ఏలకులు, వేపపుల్ల, ఏది నమిలినా తనలోంచి తనకే వాసన కొడుతున్నట్టు ఉండేది.

బయల్దేరే రోజు మునిరామయ్య ఒక గాడ్జెట్ ఇచ్చాడు. వేణ్ణీళ్ల రబ్బరు సంచీ. పొట్టకు కట్టుకోవాలి. దాన్నుంచి సన్నటి గొట్టం గొంతు దాకా వచ్చి పెట్టుడు గడ్డంలో దాక్కుంటుంది. “రుచి సూసేంత సూడు, మిగిలింది గొట్టంలోకి వదులు. ఎంత తగ్గితే అంత తగ్గనీ పాపం” అన్నాడు. పాపాన్ని కొలతల్లో తగ్గించే సాధనం బహుశా పోలీసుశాఖ చరిత్రలో అదే మొదటిది.

*

మామిడితోట బంగళా వరండాలోంచి తిరుమల కొండ నిండుగా కనిపిస్తుంది. చెంగల్రాయుడు కుర్చీ తిప్పుకుని, కొండకు వీపు పెట్టి కూర్చున్నాడు. నల్ల గడ్డం, బంగారు ఫ్రేము కళ్లజోడు, రంగూన్ పట్టులుంగీ. సాయంత్రం ఎండ ఇంకా తగ్గలేదు.

“కొండమీద మంచు పడుతోందా?” అడిగాడు మెక్‌ఫెర్సన్. ఎర్రటి మనిషి. మాట మెత్తన, చూపు గట్టి.

“మంచు తక్కువ, పొగ ఎక్కువ” అన్నాడు చెంగల్రాయుడు.

కోడ్ సరిపోయింది. మెక్‌ఫెర్సన్ చిటికె వేశాడు. నీలం జార్జెట్ చీరలో జ్ఞానాంబ ట్రే పట్టుకుని వచ్చింది. గ్రామఫోను ప్లేట్లలో ఆమె గొంతు విననివాళ్లు ఈ జిల్లాలో లేరు. మద్రాసు స్టేజి మూతపడి ఇటు వచ్చింది. మెక్‌ఫెర్సన్‌కు పనిచేస్తుంది, మునిరామయ్యకూ పనిచేస్తుంది. ఇద్దరిలో ఎవరిని మోసం చేస్తోందో ఆమెను అడిగితే ఆ పూటను బట్టి చెబుతుంది. ఆమె వెనకే గార్డు వేషంలో శాంతయ్య వచ్చి కూర్చున్నాడు.

నాలుగు గ్లాసులు.

చెంగల్రాయుడు మొదటి గ్లాసు ఎత్తి ముక్కు పెట్టి, గుక్క పట్టి, చాలావరకు గొట్టంలోకి వదిలాడు. పచ్చగడ్డి. “లోలాండ్. వయసు తక్కువ.” రెండోదీ అదే తీరు. జామపండు, తేనె. “స్పేసైడ్.” మూడోదానికి కళ్లు మూసుకున్నాడు. ఎండుద్రాక్ష, నెయ్యి. చెంపలు వేసుకోకుండా చేతుల్ని ఆపుకోవడానికి ప్రాణం మీదికి వచ్చింది. “హైలాండ్. షెర్రీ పీపా.” నాలుగోదాన్ని నోట్లో పోసుకుని, గడ్డం సవరించుకుంటున్నట్టు నటించి సగం గొట్టంలోకి వదిలి, సగం మింగాడు. ఆగాడు. తీపి వచ్చింది. పొగ వచ్చింది.

“ఐలా. దక్షిణపు ఒడ్డు.”

మెక్‌ఫెర్సన్ లేచి చెయ్యి కలిపాడు. “వెల్‌కమ్, మునస్వామీ! రంగూన్ నాలుక అంటే ఇదీ!”

గెలిచాడా? గెలిచాడు. అక్కడితో అయిపోయి ఉంటే ఈ కథ చెప్పేవాణ్ణి కాదు.

మెక్‌ఫెర్సన్ బీరువాలోంచి ఒక వెండి గిన్నె తీశాడు. చదునుగా, రెండు వైపులా రెండు పిడులతో ఉంది. “స్కాట్లండులో పెద్ద పని మొదలుపెట్టే ముందు స్నేహితులంతా ఒకే గిన్నెలో తాగుతారు. తాగండి. ఆ తర్వాత చెబుతాను సరుకు ఎక్కడుందో.” గిన్నె నిండా ఐలా పోశాడు. తాను ఒక గుక్క తాగాడు. జ్ఞానాంబ పెదవి తడిపి ఇచ్చింది. శాంతయ్య మూతి పెట్టి నిదానంగా తాగి, రెండు చేతులతో చెంగల్రాయుడికి అందించాడు.

చెంగల్రాయుడు పుచ్చుకున్నాడు.

ఒక్క గుక్క. అంతే. ఇక బాంబు ఎక్కడుందో తెలిసిపోతుంది. రైలు బతుకుతుంది, సామ్యేలు బతుకుతాడు. అదంతా వాడికి తెలుసు. కానీ గిన్నె అంచు మీద శాంతయ్య పెదవుల తడి కనిపించింది. వాడి తల దానంతట అదే వెనక్కి వాలింది. చేతులు దానంతట అవే పైకి లేచాయి. పుట్టినప్పటినుంచీ ఇంట్లో నేర్చినట్టు, మూతికి జానెడు ఎత్తున పట్టి విస్కీని ధారగా నోట్లోకి పోసుకున్నాడు.

థూ! నాకైతే వాడి చెంప ఛెళ్లుమనిపించాలని ఉంది. ఒట్టు తప్పినవాడికి, విస్కీ సంచీ పొట్టకు కట్టుకున్నవాడికి, ఎంగిలి అడ్డం వచ్చిందా? పోనీ అందరి ఎంగిలీ అంతేనా అంటే, కెప్టెన్ రాస్ చప్పరించిన గ్లాసు కళ్లకద్దుకున్నట్టు పుచ్చుకుని తాగినవాడే గదా వీడు! అప్పుడు పక్కనే ఉన్నవాడు శాంతయ్య. ఆ రోజూ చూశాడు. ఇప్పుడూ చూశాడు.

గిన్నె కిందికి దించేసరికి అందరి కళ్లూ వాడిమీదే ఉన్నాయి. చెంగల్రాయుడు శాంతయ్య వైపు చూసి, చూడలేక నేల చూశాడు. చెవులు కాలిపోయాయి. ఆ క్షణాన భూమి చీలితే దిగిపోయేవాడు.

“విచిత్రం” అన్నాడు మెక్‌ఫెర్సన్. చేతిలో రివాల్వర్ ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. “ఇట్లా తాగేవాళ్లను నేను చూశాను, ఈ ఊరి కాఫీ హోటళ్లలో. రంగూన్ బార్లో పదేళ్లు ఎంగిలి గ్లాసులు కడిగినవాడికి ఇంత ఆచారమా? నువ్వు మునస్వామివి కాదు.” రివాల్వర్ పక్కకు తిరిగింది. “గార్డూ, చేతులెత్తు. ముక్కూ మొహం తెలియనివాడు నీ ఎంగిలి తాగకపోతే నీకేం? నీ మొహం ఎందుకట్లా అయిపోయింది? నువ్వూ వీడి మనిషివే.”

ఇద్దరూ చేతులెత్తి పక్కపక్కన నిలబడ్డారు. మెక్‌ఫెర్సన్ వాచీ చూసుకున్నాడు. “రైలు రేణిగుంట వచ్చే వేళయింది. మీకు తొందరేం లేదు.”

అప్పుడు శాంతయ్య నోరు విప్పాడు. మెక్‌ఫెర్సన్‌తో కాదు.

“మా తమ్ముడి ప్రాణం కంటే నీ మూతి గొప్పదైపాయెనా?” అన్నాడు. “థూ, నీ బతుకు చెడ!” అని, ఎత్తిన చెయ్యి పిడికిలి బిగించి చెంగల్రాయుడి పొట్టలో ఒక్క గుద్దు గుద్దాడు.

గుద్దు సరిగ్గా రబ్బరు సంచీ మీద పడింది. నాలుగు సీమల మాల్టు కలగలిసి గడ్డంలోని గొట్టంలోంచి చివ్వున ఎగజిమ్మి మెక్‌ఫెర్సన్ కళ్లలో కొట్టింది. వాడు కెవ్వుమన్నాడు. రివాల్వర్ గాల్లోకి పేలింది. శాంతయ్య వాడి మీద పడి కిందికి లాగాడు. చెంగల్రాయుడు, ఊపిరాడకపోయినా, కర్టెన్ తాడు తెంపి చేతులు కట్టాడు. ఆ గుద్దు ప్లానో కోపమో చెంగల్రాయుడు తర్వాతెప్పుడూ అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు.

ఇద్దరూ తల ఎత్తేసరికి కింద పడ్డ రివాల్వర్ జ్ఞానాంబ చేతిలో ఉంది.

“కదలొద్దు. నేను మీ మనిషిని కాదు, వీడి మనిషినీ కాదు” అంది. “అయితే కుంటోళ్లను, గుడ్డోళ్లను చంపే పనికి నేను ఒప్పుకోలేదు. అది నాకు ఈ పొద్దే తెలిసినాది. వినండి. బాంబు పొద్దున్నే రేణిగుంట పోయినాది. మందుల పెట్టెల్లో కలిపి, ఆ రైలుకే ఎక్కిస్తారు. బండి వంతెన మీదికి పోయేటప్పటికి పేలేట్టు గడియారం పెట్టినాడు.”

“ఏ పెట్టె?” అన్నాడు శాంతయ్య.

“అన్నీ ఒకే మాదిరి ఉండాయి. అయితే వీడు బాంబు పెట్టింది ఐలా సీసాలొచ్చిన పెట్టెలో. సీసాలు పగిలి చెక్కంతా నానిపోయినాది. ఆస్పత్రి పెట్టెల్లో ఆస్పత్రి వాసన ఎవురు పట్టేది అని నవ్వినాడు.” చీర చెంగు సర్దుకుంది. “కారు మీరు తీసుకోండి. మిగిలిన సీసాలు నేను తీసుకుంటాను.”

మెక్‌ఫెర్సన్‌ను తోటలో మామిడికాయల బేరగాళ్ల వేషంలో ఉన్న ఇద్దరు సి.ఐ.డి. కానిస్టేబుళ్లకు అప్పగించి, ఇద్దరూ కారెక్కారు. జ్ఞానాంబ ఏ దారిన పోయిందో వాళ్లు చూడలేదు.

దారిలో చెంగల్రాయుడు రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ శాంతయ్య హారన్ కొట్టాడు.

*

రేణిగుంట జంక్షన్‌లో హాస్పిటల్ రైలు ఆగి ఉంది. ఇంజను నీళ్లు పడుతోంది. కిటికీల దగ్గర ఖద్దరు టోపీలవాళ్లు ఇత్తడి బిందెలతో సిపాయిలకు మజ్జిగ పోస్తున్నారు. వాళ్ల ముందు నిలబడి అందరినీ అదిలిస్తున్న తెల్లపంచె పెద్దమనిషిని చూడగానే చెంగల్రాయుడి కాళ్లు ఆగిపోయాయి. తిరుమలయ్య. నాయన.

“ఏందప్పా నిలబడినావు? రా!” శాంతయ్య రెక్క పట్టి లాగాడు.

బండిని ఆపించినా బాంబు గడియారం ఆగదు, పెట్టెను పట్టుకోవాల్సిందే. గార్డు యూనిఫారం చూసి వెనక వ్యాను తలుపు తీశారు. లోపల పైకప్పు దాకా మందుల పెట్టెలు. కార్బాలిక్, టింక్చర్, అయొడిన్, అన్నీ కలిసి గుప్పున కొట్టాయి.

“సూడు” అన్నాడు శాంతయ్య. వాడి చూపు మాత్రం ముందున్న బోగీల వైపు, తమ్ముడున్న వైపు, పోతోంది. వెళ్లలేదు.

చెంగల్రాయుడు ఒక్కొక్క పెట్టెకూ ముక్కు ఆనించాడు. ఆస్పత్రి. ఆస్పత్రి. ఇదీ ఆస్పత్రే. “ముక్కుతో కాదప్పా ఇది” అని మోకాళ్ల మీద కూలబడి, తడిమరకలున్న పెట్టెల మూలలు నాకడం మొదలుపెట్టాడు. గడ్డం ఒక పక్క ఊడి వేలాడుతోంది. చొక్కా నిండా విస్కీ కంపు. ప్లాట్‌ఫారం మీద నవ్వులు లేచాయి. “తాగుబోతు నాయాలు, సూడండ్రా, పెట్టెలు నాకతా ఉండాడు!”

ఆ నవ్వుల్లోంచి ఒక గొంతు వచ్చింది.

“ఒరే... రాయుడూ?”

తండ్రి వ్యాను తలుపు ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో మజ్జిగ చెంబు ఒరిగిపోయి నేల మీద కారుతోంది. చెంగల్రాయుడు నాలుక చెక్క మీద ఉండగానే తండ్రి కళ్లలోకి చూశాడు. చెప్పడానికి వీల్లేదు, చెప్పినా నమ్మేలా లేడు. తల తిప్పుకుని ఇంకో పెట్టె నాకాడు. సిగ్గుతో మనిషి చచ్చేదుంటే అక్కడే చచ్చేవాడు.

కూత వేసింది. రైలు కదిలింది.

తడిమరకలున్నవాటిలో రెండు పెట్టెలు మిగిలాయి. రెండింటికీ మూలల్లో ఒకే రకం గోధుమరంగు తడి. రెండిటినీ విసిరేసే సమయం లేదు, ఒక్కొక్కటీ ఇద్దరు కలిసి ఎత్తితేగానీ లేవదు. చెంగల్రాయుడు మొదటిదాన్ని నాకాడు. చురుక్కుమంది.

“ఇదేనా?”

“ఉండు.”

“ఉండేదేంది, వంతెన వచ్చేస్తా ఉండాది!”

“ఉండప్పా, మింగినాక తెలస్తాది!”

కళ్లు మూసుకున్నాడు. చురుకు పోయింది. దాని వెనక ఏమీ రాలేదు. ఖాళీ. రెండోదానికి నాలుక ఆనించాడు. చురుక్కుమంది. చక్రాల కింద చప్పుడు మారింది. నేల అయిపోయి వంతెన ఇనుము మొదలైంది. శాంతయ్య “సెప్పు! సెప్పు!” అని అరుస్తున్నాడు. చెంగల్రాయుడు ఆగాడు. తీపి వచ్చింది. పొగ వచ్చింది.

“ఇదే! పట్టు!”

ఇద్దరూ చెరో పక్క పట్టి, లేపి, తలుపులోంచి తోశారు. కింద ఎండిపోయిన స్వర్ణముఖి ఇసుకలో పెట్టె పడీపడగానే పేలింది. ఇసుక తాటిచెట్టెత్తు లేచి వ్యానులోకి కొట్టింది. రైలు ఊగింది. వంతెన ఊగింది. ఆఖరి చక్రం అవతలి గట్టు ఎక్కింది.

బండి ఆగగానే శాంతయ్య దూకి పరిగెత్తాడు. మూడో బోగీ కిటికీ దగ్గర దుప్పటి కప్పుకున్న బక్కపల్చని మనిషి విసుక్కుంటున్నాడు. “ఏందన్నా ఆ సప్పుడు? నిద్దర చెడగొట్నారు.”

“టపాకాయలప్పా” అన్నాడు శాంతయ్య, కిటికీ ఊచలు రెండు చేతులతో పట్టుకుని. “నువ్వొస్తా ఉండావని.”

చెంగల్రాయుడు కాస్త దూరంలో ఇసుక దులుపుకుంటూ నిలబడ్డాడు.

*

రహస్యం రహస్యమే. రైల్వే పోలీసులకు తెలిసింది ఒక్కటే, డ్రై జిల్లాలో ఇద్దరు మనుషులు గుప్పుమంటున్నారని. ఇద్దరినీ రేణిగుంట లాకప్‌లో పడేశారు. మునిరామయ్య విడుదల ఆర్డరుతో చిత్తూరు నుంచి రావాలి. తెల్లారాక ముందుగా వచ్చింది మాత్రం తిరుమలయ్య. ఒక చేతిలో మజ్జిగ చెంబు, ఇంకో చేతిలో గ్లాసు.

ఊచల దగ్గరికి వచ్చి కొడుకు చొక్కా వాసన చూశాడు.

“తాగినావా?”

“తాగినాను నాయనా.”

“కర్పూరం మీద చెయ్యి పెట్టి?”

ఎందుకు తాగాడో చెప్పడానికి దేశరక్షణ చట్టం ఒప్పుకోదు. తండ్రి కళ్లు తడిసి ఉన్నాయి.

మూలనుంచి శాంతయ్య లేచి వచ్చాడు. “పెద్దాయనా, ఒకమాట. నా పేరు శాంతయ్య. మాది మాలపల్లె.”

తిరుమలయ్య అరడుగు వెనక్కి జరిగాడు. తనకు తెలియకుండానే జరిగాడు.

“మీవాడు తాగింది నిజమే” అన్నాడు శాంతయ్య. “అయితే ఆచారం చెడలేదు. నేను మూతిపెట్టిన గిన్నె చేతికిస్తే, ఎత్తి పోసుకున్నాడు. నా ఎంగిలి తగలనీలే. నేను సాక్షి.”

తిరుమలయ్య మొహంలో ఒక ఊరట కనిపించింది. రాత్రంతా ఏడ్చిన మనిషికి ఒక చిన్న ఆసరా దొరికినట్టు. “అంతవరకు నయం” అన్నాడు, మెల్లగా. “అంతవరకు నయం లేరా.”

తాగినందుకు తిట్టినా, ఊచల్లోంచి ఉమ్మినా చెంగల్రాయుడు భరించేవాడు. ఆ ఊరటను భరించలేకపోయాడు. వేలాడుతున్న గడ్డం పీకి కింద పడేశాడు.

తండ్రి గ్లాసు నింపి ఊచల్లోంచి కొడుక్కి ఇచ్చాడు. చెంబులో మిగిలింది చూసుకుని, “నువ్వు దోసిలి పట్టప్పా, పోస్తాను” అన్నాడు శాంతయ్యతో, ఎంతో దయగా.

శాంతయ్య చేతులు కదల్లేదు. చెంగల్రాయుడు గ్లాసు తీసుకెళ్లి అతని ముందు పట్టాడు.

“నువ్వు ముందు తాగు. మిగిలింది నేను తాగతాను. మూతి పెట్టే తాగతాను.”

“రాయుడూ!” అన్నాడు తండ్రి.

శాంతయ్య గ్లాసు చూశాడు. గ్లాసు పట్టుకున్న మనిషినీ చూశాడు. పుచ్చుకుని, అంచుకు పెదవులు నిండుగా ఆనించి, తొందర లేకుండా తాగాడు. తల వెనక్కి వాలుస్తూ తాగాడు. అడుగున ఉన్న కరివేపాకు దాకా తాగి, అదీ నమిలి, ఖాళీ గ్లాసు చెంగల్రాయుడి చేతిలో పెట్టాడు.

“బాగుండాది పెద్దాయనా, ఉప్పే రవ్వంత ఎక్కువైనాది” అన్నాడు మూతి తుడుచుకుంటూ. తర్వాత చెంగల్రాయుడి వైపు తిరిగాడు. “మిగల్లేదప్పా. ఈసారికి నీకు ఆ కష్టం తప్పినట్టే.”